కనపడని లీకు

కుళాయి తిప్పితే మంచినీళ్ళొస్తే అదే పదివేలు అనుకునే ఊళ్ళో పుట్టి పెరిగాను. అలాంటివాణ్ణి మా గరాజ్ లో కుళాయి తిప్పితే బీరు వచ్చే ఏర్పాటు చేసుకున్నానంటే ఎంత ఎదిగిపోయానో చూడండి! ఈ యంత్రాన్ని ఇక్కడ కెజరేటర్ అంటారు. కెగ్గు, రిఫ్రిజిరేటరు కలిస్తే కెజరేటర్ అన్నమాట. దాన్ని ఎలా కట్టానో ముందు చెబుతాను. కట్టాక అది నాకేం చెప్పిందో తరవాత చెబుతాను.

మేముండేది ఆరెగాన్ లో, పోర్ట్‌లాండ్ పక్కన. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ లో కాస్కేడ్ అనే పేరుమోసిన రకం పుట్టింది ఈ రాష్ట్రంలోనే. అందుకని ఇక్కడ ఇంట్లో బీరు కాయడమంటే మనింట్లో ఆవకాయ పెట్టడం లాంటిదే, ఎవరి పాళ్ళు వాళ్ళవి, ఎవరి గొప్పలు వాళ్ళవి. కానీ అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక కూడా చాలా ఏళ్ళు ఇది చట్టవిరుద్ధమే. 1978 లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో దారి తెరుచుకుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 200 గ్యాలన్ల వరకూ పన్ను లేదు. అమ్ముకోకూడదంతే. ఈ 200 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

రెండేళ్ళు సీసాల్లోనే నింపేవాణ్ణి. ఒకసారి కాస్తే 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు, ఓ యాభై సీసాలు. ప్రతి సీసా కడగాలి, క్రిములు లేకుండా చెయ్యాలి, కొలతగా చక్కెర వెయ్యాలి, మూత బిగించాలి. ఆదివారం సగం దానికే సరి. పైగా ఓసారి చక్కెర ఎక్కువై అర్ధరాత్రి అల్మరాలో సీసా ఢామ్మని పేలింది. మా ఆవిడ దొంగలనుకుని బ్యాటు పట్టుకుంది. ఆ రోజే అనుకున్నా, ఇక కెగ్గు కొనాల్సిందేనని.

సెకండ్ హ్యాండ్ లో ఓ చిన్న ఫ్రిజ్ కొన్నాను. పైన చిల్లు పెట్టి కుళాయి స్తంభం బిగించాలి. పెట్టేముందు లోపల చల్లదనం తెచ్చే గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. దానికి డ్రిల్లు తగిలిందా, ఫ్రిజ్ కాస్తా ఇనప్పెట్టె అయిపోతుంది. లోపల పెట్టే కెగ్గు ఒకప్పుడు కోలా సిరప్ నింపి హోటళ్ళకి పంపిన స్టీలు డబ్బా. వాళ్ళు ప్లాస్టిక్ సంచుల్లోకి మారిపోయాక ఆ డబ్బాలు మాలాంటివాళ్ళ పాలబడ్డాయి. పక్కన 5 పౌన్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, దానికో రెగ్యులేటరు. గ్యాసు ఒక పైపులోంచి లోపలికి పోయి బీరుని నొక్కుతుంది, బీరు ఇంకో పైపులోంచి పైకొస్తుంది. అంతే.

"అంతే" అనుకున్నాను గానీ, మొదటి వారం గ్లాసు నిండా నురగే! ఫ్రిజ్ లో 38 డిగ్రీల ఫారెన్‌హీట్, రెగ్యులేటరు మీద 12 పి.ఎస్.ఐ., అన్నీ పుస్తకంలో ఉన్నట్టే పెట్టాను. తప్పెక్కడో తరవాత తెలిసింది. కిట్టుతో వచ్చిన పైపు 5 అడుగులే. పైపు పొట్టిదైతే బీరు విసురుగా వచ్చి గ్లాసులో పడుతుంది, అందులో కరిగిన గ్యాసంతా ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది. 10 అడుగుల పైపు వేశాను, దారి పొడుగున రాసుకుంటూ వచ్చేసరికి బీరు నెమ్మదించింది. పైన స్తంభం వెచ్చగా ఉండటం వల్ల మొదటి గ్లాసు ఇంకా పొంగేది. కంప్యూటరులోంచి పీకిన చిన్న ఫ్యాను పెట్టి కింది చల్లగాలిని పైకి కొట్టించాను. ఆ సాయంత్రం రెండువేళ్ళ నురగతో, తేనె రంగులో మొదటి గ్లాసు దిగింది. జీవితంలో ఏ ప్రోగ్రామూ మొదటిసారి కంపైలయినప్పుడు అంత ఆనందం కలగలేదు.

సరిగ్గా పదహారో రోజు కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. కెగ్గు ఖాళీ!

లీకు అనుకున్నాను. మా అమ్మ గ్యాసు బండ మార్చినప్పుడల్లా సబ్బు నురగ రాసి చూసేది. నేనూ అలాగే ప్రతి అతుకుకీ రాశాను. ఒక్క బుడగ లేదు. ఓరింగులు మార్చాను. సిలిండరు తూచాను, బరువు ఉండాల్సినంతే ఉంది. రాత్రి పదకొండింటిదాకా టార్చి పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని వెతుకుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"లీకైతే కింద తడి ఉండాలి కదా?"

"అదే అర్థం కావట్లేదు."

"నువ్వు తాగేశావేమో?"

నవ్వేశాను. తను నవ్వలేదు. "సీసాలున్నప్పుడు సింకు పక్కన చూస్తే తెలిసేది నాకు" అనేసి లోపలికెళ్ళిపోయింది.

కాగితం తీశాను. 19 లీటర్లంటే నా గ్లాసుతో నలభై. నా గ్లాసు ఇక్కడి పింట్, 16 ఔన్సులది. నురగకి పోయింది రెండు గ్లాసులనుకుందాం. శనివారం వచ్చిన స్నేహితులు తాగింది పది. మా ఆవిడ ముట్టదు. మిగతా ఇరవై ఎనిమిది గ్లాసులూ పదహారు రోజుల్లో ఎక్కడికి పోయాయి? ఇంకో మెలిక ఉంది. ఇక్కడి లెక్కల్లో "ఒక డ్రింకు" అంటే 5 శాతం ఆల్కహాలున్న బీరు 12 ఔన్సులు. నాది ఆరున్నర శాతం, గ్లాసేమో 16 ఔన్సులది. కాబట్టి నా ఒక గ్లాసు దాదాపు ఒకటీ ముప్పావు. మొత్తం భాగిస్తే రోజుకి మూడు డ్రింకులు తేలాయి. ఆ పదహారు రోజుల్లో ఎవరైనా అడిగుంటే ఒట్టేసి చెప్పేవాణ్ణి, రోజూ ఒక్కటేనని. అబద్ధమని తెలిసి కాదు, నిజంగా అలాగే అనుకున్నాను.

నేనొక డిబగ్గింగ్ నిపుణుణ్ణి, నా జీతమే దానికి. లీకు కోసం వస్తువులన్నీ వెతికాను, వాడేవాణ్ణి తప్ప.

తరవాత ఆలోచిస్తే అర్థమైంది. ఆఫీసులో నేను చేసే పనే అది. వాడేవాడికి ఒక క్లిక్కు తగ్గించు, ఒక ప్రశ్న తగ్గించు, ఆలోచించే వ్యవధి ఇవ్వకు, ఇంకా ఎక్కువ వాడతాడు. సీసా విషయంలో లేచి వెళ్ళాలి, మూత తియ్యాలి, ఖాళీ సీసా ఎదురుగా కూర్చుని ఉంటుంది, దాన్ని కడగాలి. నేను విసుక్కున్న ఆ చాకిరీ అంతా నాకు తెలియకుండానే బ్రేకుగా పనిచేసింది. కుళాయి పెట్టి ఆ బ్రేకు నేనే ఊడబీకాను. కుళాయికి ఒకటో గ్లాసు లేదు, రెండోది లేదు. "ఇంకొంచెం" ఒక్కటే ఉంది.

మా ఇంట్లో తాగుడు అనే మాటకి అర్థం మా మావయ్య. చెడ్డవాడు కాదు, ఎవర్నీ ఒక మాట అని ఎరగడు. ఆయన గ్లాసు ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. సగం ఉండగానే మళ్ళీ నింపుకునేవాడు. అందుకే ఎన్నోదో ఆయనకీ తెలిసేది కాదు, అడిగితే "ఇదొక్కటేరా" అనేవాడు. యాభై రెండేళ్ళకే కాలేయం పాడై పోయాడు. నేను చేసేది వేరు, ఇది హాబీ, ఇందులో సైన్సుంది అనుకుంటూ వచ్చాను. ఆ కాగితం మీద అంకె చూశాక ఆయన మాట చెవిలో వినిపించింది. ఇప్పటికీ ఫోన్లో అమ్మ "ఏం చేస్తున్నావురా" అంటే "ఫ్రిజ్ బాగుచేస్తున్నా అమ్మా" అనే చెబుతున్నాను. హాబీయే అయితే ఎందుకు దాస్తున్నట్టు?

కెజరేటర్ అమ్మెయ్యలేదు. సన్యాసం పుచ్చుకున్నానని కోతలు కొయ్యను. కెగ్గు కింద పార్సెళ్ళు తూచే బల్లపరుపు కాటా ఒకటి పెట్టాను. బీరు లీటరుకి కేజీ పైన కొంచెం, ఖాళీ డబ్బా ఓ నాలుగు కేజీలు, లెక్క తేలికే. పింట్ గ్లాసులు తీసేసి 10 ఔన్సులవి పెట్టాను. సోమవారం నుంచి గురువారం దాకా కుళాయికి తాళం, చెవి మా ఆవిడ దగ్గర. తలుపు మీద ఒక కాగితం, నింపిన ప్రతిసారీ ఒక గీత. పాలవాడు గోడమీద గీసినట్టు గీతలే గానీ, మొదటి వారం ఆ గీతలు గియ్యడానికి ఎంత సిగ్గేసిందో చెప్పలేను. రెండో కెగ్గు పదకొండు వారాలొచ్చింది.

ఇప్పుడు ఆ 200 గ్యాలన్ల సంగతి. ఏడాది మొత్తానికి 12 ఔన్సుల చొప్పున లెక్కేస్తే రోజుకి దాదాపు ఆరు గ్లాసులు. ఇంట్లో తాగేది నేనొక్కణ్ణే. చట్టం చూసేది పన్ను, నా కాలేయం చూసుకోవడం దాని పని కాదు. అడ్డుగోడ ఎక్కడో ఎవరో కట్టి ఉంటారులే అని మనం అనుకుంటాం. ఎవరూ కట్టరు.

మీరూ కెజరేటర్ కడుతుంటే 10 అడుగుల పైపు వెయ్యండి, స్తంభంలో ఫ్యాను పెట్టండి, చిల్లు చూసి పెట్టండి. కాటా మాత్రం మొదటి రోజే కొనండి. నాలాగా పదహారు రోజులు ఆగొద్దు.