అతుకు

విడిపోయినదానిని తిరిగి కలుపుట మానవుడు నేర్చిన ప్రాచీన విద్యలలో నొకటి. తుమ్మచెట్టు బెరడునుండి కారిన బంకతో మన పెద్దలు కాగితములను అంటించిరి. లక్కను కరగించి కత్తులకు పిడులను బిగించిరి. కొండపల్లి బొమ్మలు చేయువారు చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి 'మక్కు' అను ముద్దను చేసి, దానితో తెల్లపొణికి కొయ్యచేతులను మొండెములకు నేటికిని అతుకుచున్నారు. ఇప్పుడు ఇంటను, కర్మాగారమునను ఇట్టి పనులను పెక్కింటిని టేపు చేయుచున్నది. చుట్టనుండి ఒక ముక్కను లాగి, కత్తిరించి, వ్రేలితో నొక్కిన చాలును. ఇంత సులభమైన వస్తువును గూర్చి తెలిసికొనవలసిన దేమున్నదని నేనును చాలకాలము తలంచితిని. ఆ తలంపువలన ఒకరికి కలిగిన నష్టమును, దానినుండి నేను నేర్చిన పాఠమును మీకు చెప్పెదను.

1990వ సంవత్సరము మే నెల 9వ తేదీన కృష్ణానది సముద్రమున కలియు చోటికి చేరువగా ఘోరమైన తుపాను తీరమును దాటెను. అప్పుడు నేను రేపల్లె ప్రాంతమున ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. వేసవి సెలవులగుటచే బడిలో ఎవరును లేరు. గాలికి పెంకులు ఎగిరిపోయి, కార్యాలయపు గదిలోని బీరువా తడిసెను. పిల్లల అడ్మిషన్ రిజిస్టరు అందులోనే ఉండెను. ఏ పిల్లవాడు ఏనాడు బడిలో చేరెనో, అతని తండ్రి పేరేమో, పుట్టిన తేది యేదో తెలుపు పుస్తకమది. చదువు మధ్యలో మానినవారికి చాలమందికి వయస్సును గూర్చిన సాక్ష్యము మరొకటి ఉండదు.

రిజిస్టరును విప్పి, పుటలను వసారాలో పరచి, రాళ్లు పెట్టి ఆరబెట్టితిమి. అనేకములు కుట్టుదగ్గర చినిగియుండెను. “తెనాలికి తీసికొనిపోయి బైండింగు చేయువానికి ఇండు. ఆలస్యమైనను పని నిలుచును” అని మా ప్రధానోపాధ్యాయులు చెప్పిరి. మైదాబంకతో చేయు పని పాతకాలపుదని నాకు తోచెను. రేపల్లె బజారులో గాజువలె తేటగానున్న టేపుచుట్టలు నాలుగు కొని తెచ్చితిని. బడి ప్రక్కయింటి బాలిక, ఏడవ తరగతి ముగించినది, పుటలను కదలకుండ పట్టుకొనెను. రెండు సాయంకాలములలో పని పూర్తియయ్యెను. తన పేరున్న పుట వచ్చినప్పుడు, “మాస్టారూ, దీనిని నేను అంటించెదను” అని ఆ బాలిక కత్తెరను అందుకొనెను. ఆమె పేరుమీదుగా నున్న చినుగు కనబడకుండ పోయెను. మేమిద్దరమును మిక్కిలి సంతోషించితిమి.

కొన్ని యేండ్లకు నేను బదిలీపై వేరొక ఊరికి పోయి, 2012లో ఆ పాఠశాలకే ప్రధానోపాధ్యాయుడనై తిరిగివచ్చితిని. ఒకనాడు ఆమె నా గదికి వచ్చెను. ఎనిమిదవ తరగతిలో చదువు మానినది. ఇద్దరు పిల్లల తల్లి. ముప్పదియైదేండ్లు దాటకూడదను నియమము గల యొక చిన్న ఉద్యోగమునకు ఆమె దరఖాస్తు పెట్టుకొనెను. అప్పటి కామె వయస్సు ముప్పదినాలుగు. పుట్టిన తేదికి నిదర్శనము కావలెను. “ఇప్పుడే వ్రాసి ఇచ్చెదను, కూర్చుండుమమ్మా” అని రిజిస్టరును తెప్పించితిని.

పుట తెరచితిని. టేపు గోధుమరంగుగా మారి, ఎండుటాకువలె పెళుసై, తాకగానే ఊడి బల్లపై పడెను. దాని జిగురు మాత్రము కాగితములోనే నిలిచిపోయెను. ఆ మేర కాగితము నూనె పీల్చినట్లై, సిరా చెదరియుండెను. ఆమె పేరు కనబడుచుండెను. పుట్టిన తేదిలో ఒక్క అంకెయైనను స్పష్టముగా లేదు. ఆమె ఆ పుటను చాలసేపు చూచి, “ఆనాడు మనము అంటించినదే కదా, మాస్టారూ!” అని మాత్రము అనెను.

అమ్మమ్మగారి ఊరిలో ఆమె చదివిన ప్రాథమిక పాఠశాల పట్టికలో ఆ తేది చివరకు దొరకినది. కాని దానిని వెదకి పట్టుటకు రెండు నెలలు గడచినవి. అప్పటికి గడువు దాటిపోయెను. మరుసటి అవకాశము వచ్చునప్పటికి ఆమె వయస్సు మించిపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. ఆనాడు కత్తెర పట్టిన చేయి ఆమెది. కాని టేపును కొని తెచ్చినవాడను నేను.

ఇరువదిరెండేండ్ల క్రిందట చేయవలసిన పనిని అప్పుడు చేసితిని. రిజిస్టరును సంచిలో పెట్టుకొని రేపల్లె రైలులో తెనాలికి పోయితిని. తెనాలి అచ్చుకూటములకును, పుస్తక ప్రచురణకును పేరుపడిన పట్టణము. అచ్చట ఒక సందులో వృద్ధుడైన బైండింగు పనివాడు మైదాపిండిని నీటితో ఉడికించి, పురుగు పట్టకుండుటకై కొంచెము మైలుతుత్తము కలుపుచుండెను. నా రిజిస్టరును త్రిప్పి చూచి అతడిట్లనెను: “అయ్యా, ఈ జిగురు కాగితమునకు ఒంటబట్టినది. దీనిని తీయబోయిన కాగితమే వచ్చును. టేపు తగులని పుటలను బాగుచేసి ఇచ్చెదను. నా బంక తడి తగిలిన విడిపోవునని అందరును దానిని చులకన చేయుదురు. కాని నేను వంకరగా అతికించినచో, నా తరువాతివాడు తడిపి విప్పి సరిచేయగలడు.”

అతడు చెప్పినది నా మనస్సున నాటుకొనెను. ఆ జిగురు కాగితమున కేల ఒంటబట్టెనో తెలిసికొనగోరి, మరుసటి ఆదివారము బాపట్లకు రైలెక్కితిని. రసాయనశాస్త్రమును బోధించిన నా మిత్రుడొకడు అచ్చట నివసించుచుండెను. అతడు తన బల్లసొరుగునుండి ఒక టేపుచుట్టను తీసి వివరింపసాగెను.

“టేపునందు ముఖ్యమైనవి మూడు. మొదటిది పట్టీ, అది కాగితము, గుడ్డ, ప్లాస్టిక్ పొర, లోహపు రేకు, ఏదైనను కావచ్చును. రెండవది జిగురు. మూడవది పట్టీ వెనుకవైపున నుండు అంటనీయని గుణము. పెక్కు టేపులకు దీనికై పలుచని పూతను పూయుదురు. ఇది లేనిచో చుట్ట తనకు తానే అంటుకొని విప్పుటకు రాదు. మీ మైదాబంక నీరారిన తరువాత పట్టును. టేపుజిగురు ఆరనక్కరలేదు. అది పూర్తిగా ద్రవమును కాదు, ఘనమును కాదు. నొక్కినప్పుడు మెల్లగా ప్రవహించి, కంటికి కనబడని గుంటలలోనికి చేరును. లాగినప్పుడు గట్టిగా ఎదిరించును. జిగురులోని అణువులును, వస్తువులోని అణువులును మిక్కిలి చేరువైనప్పుడు వాని నడుమ స్వల్పములైన ఆకర్షణలు కలుగును. ఒక్కొక్కటి అల్పమే, అన్నియు కలిసిన బలము. దుమ్ముపైని, తడిపైని టేపు అంటకుండుటకు కారణమిదియే. జిగురు దుమ్మును పట్టుకొనును గాని గోడను చేరదు.”

“మరి నా పుట ఏల చెడినది?” అని అడిగితిని.

“ఆ పాత టేపులలో పెక్కింటి జిగురు రబ్బరును, రెసిన్లను కలిపి చేసినది. గాలిలోని ఆమ్లజనికిని, వెలుతురునకును అది మారిపోవును. మొదట మెత్తబడి కాగితపు పోగులలోనికి ఇంకును. పిమ్మట పట్టు కోల్పోయి పట్టీని వదలును. తుదకు గోధుమరంగై గట్టిపడును. మూటను కట్టుటకు అది మంచిదే. నీవు దానిని తరతరములు నిలువవలసిన పుస్తకమునకు పెట్టితివి” అని అతడు చెప్పెను.

ఆ సాయంకాలము మేమిద్దరమును బజారు వెంట నడచితిమి. మోటారుబండ్ల షెడ్డులో ఒకడు కారు అద్దముల అంచులకు లేత పసుపు కాగితపు టేపు అంటించి రంగు కొట్టుచుండెను. రంగు పూర్తియైన పిదప ఆ టేపును లాగివేసెను. క్రింద మరక లేదు. అది మాస్కింగు టేపు. పూర్వము అమెరికాలో కార్లకు రెండు రంగులు వేయువారు కాగితములను గట్టి జిగురుతో అంటించెడివారు. వానిని లాగినప్పుడు క్రింది రంగుకూడ ఊడి వచ్చెడిది. త్రీ ఎమ్ సంస్థలో పనిచేసిన రిచర్డ్ డ్రూ అను యువకుడు ఆ కష్టమును కన్నులార చూచి, 1925లో ఈ టేపును రూపొందించెను. తేటగానుండు సెల్లోఫేన్ టేపును 1930లో వెలువరించినవాడును అతడే.

కరెంటు పనివాని పెట్టెలో వేరొక జాతి టేపులుండెను. అవి పి.వి.సి. అను ప్లాస్టిక్‌తో చేసినవి. సాగును, విద్యుత్తును పోనీయవు. అతడు మొదట కరెంటును ఆపి, తీగ చుట్టును ప్రతి చుట్టు ముందటి చుట్టును సగము కప్పునట్లు టేపును చుట్టెను. మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలము, న్యూట్రలుకు నలుపు, భూమికి కలుపు తీగకు ఆకుపచ్చ. ఇచ్చట టేపు రంగే మాటలాడుచున్నది. కుళాయి పనివాడు గొట్టపు మరలకు చుట్టు తెల్లని టెఫ్లాన్ టేపుకు అసలు జిగురే లేదని తెలిసి ఆశ్చర్యపడితిని. మరల నడుమనుండు సందును పూడ్చి నీరు కారకుండ చేయుటయే దాని పని.

చరవాణులను బాగుచేయు దుకాణములో ఒక యువకుడు తేనెరంగు టేపును చిన్న భాగములపై అంటించి, ప్రక్కనే వేడిగాలి ఊదుచుండెను. అది పాలిమైడు టేపు. సిలికోను జిగురు పూసిన ఈ టేపు 260 డిగ్రీల సెంటీగ్రేడు వేడినైనను ఓర్చుకొనును. రెండు వైపులను జిగురున్న సన్నని టేపుతో అతడు తెరను చట్రమునకు బిగించెను. మరలు పట్టని చోటులందు, చరవాణులలోను కార్లలోను, ఇట్టి టేపులే భాగములను పట్టియుంచుచున్నవి.

తిరిగి వచ్చునప్పుడు నా మిత్రుడు ఒక స్త్రీ కథను చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలోని ఇలినాయి రాష్ట్రమున వెస్టా స్టౌట్ అను నామె తూటాలను పెట్టెలలో సర్దు కర్మాగారమున పనిచేయుచుండెను. ఆమె కుమారులు ఇద్దరు నౌకాదళములో నుండిరి. ఆ పెట్టెలను కాగితపు టేపుతో మూసి మైనము పూసెడివారు. తెరచుటకై విడిచిన కొస లాగగానే తెగిపోయెడిది. శత్రువు ఎదుట నిలిచిన సైనికుడు పెట్టె తెరువలేక తడుముకొనునని ఆ తల్లి భయపడెను. గట్టి గుడ్డ టేపు వాడుడని పై అధికారులకు చెప్పెను, పని కాలేదు. 1943లో నేరుగా అధ్యక్షుడు రూజ్‌వెల్టునకే లేఖ వ్రాసెను. ఆమె సూచన అంగీకరింపబడి, గుడ్డతో చేసిన గట్టి టేపు తయారయ్యెను. నేడు డక్ట్ టేపు అని మనమెరిగినది దాని సంతతియే.

ఆమె అడిగిన ప్రశ్నను గమనింపుడు. పెట్టె ఎంత గట్టిగా మూసికొనునని మాత్రమే ఆమె చూడలేదు. అవసరమైనప్పుడు ఎట్లు తెరచుకొనునని చూచెను. రంగు వేయువాని టేపు ఒక్క పూట నిలిచి మరక లేకుండ పోవలెను. కరెంటు టేపు ఏండ్ల తరబడి కదలకుండవలెను. గాయముపై ప్లాస్టరు చర్మమును ఒలువకుండ రావలెను. రిజిస్టరుకు వేసిన అతుకు మనకంటె ఎక్కువకాలము నిలిచి, మరల విప్పుటకు వీలుగ నుండవలెను. దేనికి అంటించుచున్నాము, ఎంతకాలము నిలువవలెను, ఎట్లు ఊడవలెను అను మూడు ప్రశ్నలను నేను 1990లో అడిగియుండవలసినది. అంటుకొనునా అని మాత్రమే అడిగితిని.

బడికి తిరిగి వచ్చి, టేపు వేసిన తక్కిన పుటలను లెక్కించితిని. ఇరువదిమూడు పుటలు. అక్షరములు కనబడుచున్నంతలోనే ఇద్దరు ఉపాధ్యాయులు చదువుచుండగా వానికి నకలు వ్రాయించి, సంతకములు చేయించి, ఫోటోలు తీయించితిని. ఆ నకలు మొదటి పుటలో, పుటలు చెడుటకు కారణము నేనేయని వ్రాసి నా సంతకము చేసితిని. అటు పిమ్మట ఆ పుటలలోనివారు ఎవరు వచ్చినను వట్టిచేతులతో పోలేదు. మొదట వచ్చిన ఆమెకు మాత్రము అది అక్కరకు రాలేదు.

బాలబాలికలారా! టేపు మంచి వస్తువు. పార్సెలుకు, పెట్టెకు, తరగతిగోడపై పటమునకు నిస్సందేహముగా వాడుడు. కాని మీ పుస్తకము చినిగినప్పుడు టేపు జోలికి పోకుడు. పెద్దల సహాయముతో ఒక చెంచాడు మైదాపిండిని గిన్నెడు నీటిలో ఉండలు కట్టకుండ కలిపి, సన్నని సెగపై చిక్కబడువరకు త్రిప్పుడు. మైలుతుత్తము విషము గనుక మీరు కలుపకుడు. ఏనాటి బంక ఆనాడే వాడుడు. చినుగు మీద సన్నని తెల్లకాగితపు పేలికను పలుచగా బంక రాచి పరచుడు. పైన శుభ్రమైన కాగితమును, దానిపై బరువైన పుస్తకములను పెట్టుడు. తొందరపడి తీయకుడు. తెల్లవారిన పిదప తెరచి చూడుడు.