ఖుబూబ్ తోటల్లో సుక్కరీ పండింది

సుహైల్ పొడిచింది. ఆగస్టు నెలాఖరులో తెల్లవారుజామున దక్షిణపు అంచున కనిపించే ఈ చుక్క మన అగస్త్య నక్షత్రమే. పగలు ఎండ నలభై దాటి కాస్తూనే ఉంది. అయినా సౌదీ అరేబియాలో ఖసీమ్ ప్రాంతపు ఊరైన మా బురైదా పెద్దలు మాత్రం ఇక ఎండాకాలం పనైపోయినట్టే అంటున్నారు. రాత్రిపూట మేడమీద కూర్చుంటే వాళ్ల మాట నిజమేననిపిస్తోంది.

ఊళ్లో ఎవరిని కదిపినా సుక్కరీ ఖర్జూరం మాటే. తెల్లవారుజాము ఫజర్ నమాజు కాగానే ఖర్జూరం సంతలో పికప్ బండ్లు బారులు తీరుతున్నాయి. దలాల్ మైకు పట్టుకుని బండి నుంచి బండికి నడుస్తూ వేలం పాట పాడతాడు, వెనకే కొనేవాళ్ల గుంపు కదులుతుంది. ఒక్కో బండి సరుకు తేలడానికి నిమిషాలు చాలు. బర్హీ, ఖలాస్, శగ్రా, రషూదియా అన్నీ వస్తాయి గానీ రాజు సుక్కరీయే. అందులోనూ సగం పండిన ‘మనాసిఫ్’ కోసం జనం ఎగబడతారు. పండు ఒక సగం పసుపు పచ్చగా కరకరలాడుతూ ఉంటుంది, రెండో సగం తేనెరంగు తిరిగి నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. ఈ దశ ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి మూడు కిలోల పెట్టెలు కొని ఫ్రీజర్ నింపుకోవడం ఇక్కడ ఇంటింటి ఆచారం.

సంత గురించి అందరూ రాస్తారు. ఆ పండ్లు పెరిగిన పేటల గురించే ఈసారి నేను చెప్పదలచుకున్నది. బురైదా ఇసుక దిబ్బల మధ్య కట్టిన ఊరు. ఆ దిబ్బల నడుమ పల్లపు నేలల్ని ‘ఖబ్’ అంటారు, అలాంటివన్నీ కలిపి ఖుబూబ్. పడమటి వైపు వెళ్తే మురైదిసియా, ఖుసైఆ, లుసైబ్, హువైలాన్ అంటూ ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. పల్లంలో నీళ్లు తక్కువ లోతులో దొరికేవి కాబట్టి తోటలన్నీ అక్కడే వేశారు. ఇసుక వచ్చి మీద పడకుండా దిబ్బల అంచుల్లో అథల్ చెట్లు వరసగా నాటారు. మట్టి ఇళ్ల పైకప్పులకు దూలాలూ ఆ చెట్లే ఇచ్చాయి. 1878లో ఇటు వచ్చిన ఇంగ్లీషు యాత్రికుడు చార్లెస్ డౌటీ కంటికి కూడా ముందు ఆనింది ఇసుకలో లేచిన మట్టి ఊరు, దాని చుట్టూ అథల్ వనాలే.

అప్పట్లో నీళ్లు తోడేది ఒంటెలు. ఏటవాలు బాటలో ఒంటె దిగుతూ ఉంటే తోలుబొక్కెన పైకొచ్చేది. మన పల్లెల్లో ఎద్దులతో తోలిన మోట ఇదే. మోటర్లొచ్చాక ఒంటెలు పోయాయి, లోతు బోర్లొచ్చాక నీటిమట్టం దిగింది. 1980లలో గోధుమ మోజుతో ఖసీమ్ అంతటా భూగర్భజలాన్ని తోడేశారు. ఆ దెబ్బ ఈ తోటలకూ తగిలింది.

ఇళ్ల సంగతి మార్చింది మాత్రం సౌదీ ప్రభుత్వం 1974లో పెట్టిన రియల్ ఎస్టేట్ ఫండ్. వడ్డీ లేకుండా మూడు లక్షల రియాళ్ల దాకా అప్పు దొరికేసరికి, తోట మధ్య మట్టి ఇంట్లో ఉన్న కుటుంబాలు రోడ్డు వారన సిమెంటు విల్లాలు కట్టుకున్నాయి. ఊరు పెరిగింది, ఖుబూబ్ పల్లెలు శివారు కాలనీలయ్యాయి. ఇప్పుడు ఒకే వీధిలో బకాలా (కిరాణా కొట్టు), ఫార్మసీ, వారాంతానికి అద్దెకిచ్చే ఇస్తిరాహా, వాటి వెనక కూలిన మట్టిగోడ, గోడ అవతల పచ్చగా తోట కనిపిస్తాయి. కొత్త ప్లాట్ల కోసం తోటలు కొట్టేయడం నాకు నచ్చదు. ఊరిని ఇసుక నుంచి కాచింది ఆ చెట్లే.

ఈ పేటల పేర్లూ కథలూ పోకుండా రాసిపెట్టిన మహానుభావుడు ముహమ్మద్ అల్ ఉబూదీ. బురైదాలోనే పుట్టి 2022లో కన్నుమూశారు. ప్రపంచమంతా తిరిగి, మన దేశం మీద కూడా యాత్రాగ్రంథాలు రాశారు. కానీ నాకు ఆయన ఖసీమ్ ఊళ్ల నిఘంటువే ఎక్కువ. సొంత ఊరి పల్లపు నేలల్ని అంత ఓపికగా లెక్క పెట్టినవాళ్లు మనకెందరున్నారు?

ఇక రాబోయే కబుర్లు. సెప్టెంబరు 23న సౌదీ జాతీయ దినం, పేటలన్నీ పచ్చజెండాలే. అక్టోబరు మధ్యలో వస్మ్ వానల కాలం మొదలవుతుంది. ఆ వానలు సకాలంలో పడితేనే చలికాలం చివర ఎడారిలో నేల కింద పెరిగే ఫగా పుట్టగొడుగులు దొరుకుతాయి. చలి ముదిరితే ఖర్జూరం, యాలకులు కూరిన క్లీజా బిళ్లల కాలం. 2021లో యునెస్కో బురైదాను వంటల నగరాల జాబితాలో చేర్చింది. క్లీజా తిన్నవాళ్లకు అందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

తోటల్లో పనిచేసే మనవాళ్లకు ఒక మాట. కరీంనగర్ నుంచి వచ్చినా, కడప నుంచి వచ్చినా ఇది వర్తిస్తుంది. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన సెప్టెంబరు 15తో ముగుస్తుంది. ఎండ ఆ రోజుతో ముగియదు. నీళ్ల సీసా చేతిలో ఉంచుకోండి, కళ్లు తిరిగితే చెట్టు దిగేయండి, యజమానికి చెప్పడానికి మొహమాటపడకండి.

కుటుంబంతో ఉన్నవాళ్లు వచ్చే శుక్రవారం మాల్ మానుకుని పడమటి ఖుబూబ్ వైపు వెళ్లండి. తోట గేటు దగ్గర యజమానిని అడిగి లోపలికి నడవండి, రెండు పెట్టెలు ఆయన దగ్గరే కొనండి. అక్టోబరు వస్తే మనాసిఫ్ దొరకడం కష్టం.