బావగారి సర్వరు

"షాపుకి సర్వరు కొనాలోయ్, ఏది కొనమంటావు?" అని బావగారు ఫోను చేసినప్పుడు, పక్కనే ఉన్న అత్తయ్యగారు "హోటలు పెడుతున్నావట్రా?" అని అడగడం నాకు స్పష్టంగా వినబడింది. ఆవిడ తప్పేమీ లేదు. మనకు సర్వరంటే భుజాన తువ్వాలు వేసుకుని ఇడ్లీ తెచ్చిపెట్టేవాడే. సేవకి, సేవిక వంటి అనువాదాలు ఒకప్పుడు నేనూ ఉత్సాహంగా తయారుచేసినవాణ్ణే గాని, రొయ్యల మేత అమ్మే దుకాణంలో నిలబడి "సేవిక" అనడానికి నాకిప్పటికీ నోరు రాదు. కనుక ఈ టపాలో సర్వరు సర్వరే.

బావగారిది నిజాంపట్నం. హార్బరుకు వెళ్ళే దారిలో రొయ్యల మేత, మందుల దుకాణం. దాని వెనుక చిన్న ఐసు ఫ్యాక్టరీ. వ్యాపారమంతా అరువు మీదే నడుస్తుంది. రైతు చెరువులో రొయ్యపిల్లను వదిలింది మొదలు పట్టుబడి దాకా మూడు నాలుగు నెలల పాటు మేత బస్తాలు వెళుతూనే ఉంటాయి. డబ్బు మాత్రం సరుకు అమ్ముడయ్యాకే వస్తుంది. ఈ నడుమ ఎవరు ఎంత బాకీ అన్నది చెప్పేది ట్యాలీ ఒక్కటే. ఆ ట్యాలీ ఉన్నది ఎప్పుడో తెనాలిలో కూర్పించిన మామూలు కంప్యూటరులో. మిగతా అయిదు కంప్యూటర్లూ దానిలోని ఫోల్డరునే పంచుకునేవి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఆ కంప్యూటరు ఇక లేవలేదు. డిస్కు పోయింది. బ్యాకప్పు ఉందా అని అడిగితే, లేకేం, ఉంది: గల్లాపెట్టెలో కుంకుమ పొట్లం పక్కన ఒక పెన్ డ్రైవు. అందులో ఉన్నది వినాయక చవితి నాటి ప్రతి. రెండున్నర నెలల పద్దులు గల్లంతు.

రేపల్లె దాకా రైలులో, అక్కణ్ణుంచి బస్సులో నేను చేరేసరికి అక్క నడిమింట్లో బిల్లు పుస్తకాలు పరిచి, తడిసిన కార్బను కాగితాలను ఫాను కింద ఆరబెడుతోంది. దొరికిన కాగితాలతో కొన్ని ఖాతాలు తేలాయి. ఒక రైతు తన చేతిపుస్తకం తెచ్చి, మా బిల్లుల్లో కనిపించిన దానికంటే ఎక్కువ బాకీ తానే చూపించాడు. మరొకాయన, తాను తీసుకున్నవి అందులో సగం బస్తాలేనని ప్రమాణం చేశాడు. ఆయనను నేను తప్పుపట్టలేను. కాగితం లేని చోట జ్ఞాపకం ఎవరి పక్షాన నిలుస్తుందో నాకూ తెలుసు. మొత్తం మీద పదకొండు ఖాతాలు తేలలేదు.

ఇంతకీ సర్వరు మాట. బావగారి కోరిక ఒక్కటే: "మాంచి స్పీడుగా ఉండాలి." ఆరుగురు ట్యాలీ కొట్టే చోట వేగానికి పోసే డబ్బు ఉప్పునీట పోసినట్టే అని నా అభిప్రాయం. నాలుగు కోర్ల జియాన్ చాలు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో పాత సర్వర్లు చవకగా దొరుకుతాయి, చూశాను కూడా. అంత వయసున్న డిస్కులను నమ్మి మళ్ళీ అదే కథకు తలుపు తీయడం ఇష్టం లేకపోయింది. చవకగా వచ్చిందని అక్కడ పెద్ద సర్వర్ల మెమరీ కొనుక్కునేవారికి ఒక హెచ్చరిక: వాటిలో వాడే రిజిస్టర్డ్ రకం ఈ చిన్న సర్వర్లలో పనిచేయదు.

చివరికి రెండు మిగిలాయి: డెల్ పవర్‌ఎడ్జ్ టి150, హెచ్‌పీఈ ప్రోలయంట్ ఎంఎల్30 జెన్10 ప్లస్. రెండింటిలోనూ జియాన్ ఈ-2300 వర్గపు ప్రాసెసర్లే, నాలుగేసి మెమరీ స్లాట్లే. రెండింటిలోనూ ఈసీసీ మెమరీ ఉంటుంది. అంటే ప్రతి 64 బిట్లకూ మరో 8 బిట్లు కాపలా కాస్తూ, ఒక బిట్టు తారుమారైతే అప్పటికప్పుడే సరిదిద్దుతాయి. తేడా డిస్కుల దగ్గర వచ్చింది. మొదటిదాంట్లో డిస్కు మార్చాలంటే యంత్రం ఆపి, పెట్టె విప్పి, తీగలు ఊడదీయాలి. రెండోదాన్ని తగిన రకంలో తీసుకుంటే, పని జరుగుతుండగానే ముందు నుంచి డిస్కు లాగేసి కొత్తది పెట్టవచ్చు. నేనేమో హైదరాబాదులో ఉంటాను. "నారింజరంగు దీపం వెలిగిన డిస్కును లాగు" అని దుకాణంలో కుర్రవాడికి ఫోనులో చెప్పగలను గాని, పెట్టె విప్పించలేను. అందుకని రెండోదే తీసుకున్నాం. విండోస్ సర్వరు ఎసెన్షియల్స్ రకం సరిపోయింది. 25 మంది దాకా విడి లైసెన్సులు అక్కరలేదు. మెమరీ 16 జీబీ దగ్గర ఆపి, మిగిలిన డబ్బును మంచి ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టాం.

తరువాతి తగువు దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసుగదిలో ఏసీ ఉంది, అక్కడే అన్నారు బావగారు. కానీ ఐసు తయారీలో వాడేది అమ్మోనియా. అది రాగిని తినేస్తుంది. దానికి తోడు ఉప్పుగాలి. ఇటువంటి యంత్రాలకు పెట్టే కొలతలో, నెల రోజుల్లో రాగిరేకు మీద తుప్పు 300 ఆంగ్‌స్ట్రామ్‌లకు, వెండి మీద 200కు లోపే ఉండాలి. హార్బరు పక్కన ఇనుప గేటే ఏడాదికి పొరలు పొరలుగా రాలుతుంది. చివరికి సర్వరు మేడ మీద, అత్తయ్యగారి పూజగది పక్క గదిలో స్థిరపడింది.

రెండు డిస్కులు అద్దంలో ప్రతిబింబంలా ఒకేలా నడుస్తాయని చెప్పాను. "మరింక బ్యాకప్పు దేనికి?" అన్నారాయన. పొరపాటున ఒక పద్దు చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుందని చెప్పినా లోపలికి ఎక్కలేదు. అప్పుడు వాళ్ళ ఊరి కథే చెప్పాను. 1606లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు ఇక్కడికే వచ్చి కోఠీలు పెట్టారు. పక్కనున్న పెద్దపల్లి పేరును పెటపోలి అని రాసుకున్నారు. డచ్చివారికి ఒక అలవాటుండేది: తూర్పుదేశాల నుంచి ఉత్తరాలకు, లెక్కలకు నకళ్ళు తీయించి బటావియాకు, హాలెండుకు పంపేవారు. కోరమండల తీరంలో వారు నడిపిన వ్యాపారపు కాగితాలు నేటికీ హేగ్ నగరంలో ఉన్నాయి. బావగారు కాసేపు ఊరుకుని, "మనం రేపల్లె దాకా పంపితే చాలుగా?" అన్నారు.

చాలు. బయట పెట్టే డిస్కులు రెండు కొన్నాం. రోజూ రాత్రి నకలు తీసేది ఒకటి. శనివారం శనివారం బస్సెక్కి రేపల్లెలోని ఆడిటరుగారి బీరువాకు వెళ్ళి, అక్కడున్న రెండోదాన్ని వెనక్కి పంపేది ఇంకొకటి.

తేలని ఆ పదకొండు ఖాతాలనూ ఆర్థిక సంవత్సరం చివర మూసేద్దామన్నాను. బావగారు ఒప్పుకోలేదు. పేర్లు మాత్రం రాసి, అంకెల చోట సున్న పెట్టి ఉంచారు. 2024 వేసవి పట్టుబడి తరువాత రెండు తేలాయి. మిగతా తొమ్మిదీ ఆ సర్వరులోనే ఉన్నాయి, రేపల్లెలోనూ ఉన్నాయి.