ఢీల్ దే బేటా

మా అబ్బాకి రెండే షౌకులు. ఒకటి పాన్, రెండోది మఛ్లీ షికార్. ఇతవార్ పొద్దున ఫజర్ నమాజ్ కాగానే సైకిలెక్కి కాజీపేట నుంచి వడ్డేపల్లి చెరువుకి బయల్దేరేవాడు. వెనక క్యారియర్ మీద నేను. నా ఒళ్లో పిండిముద్దల డబ్బా, పతంగి చర్ఖీకి చుట్టిన నైలాన్ డోర్.

ఆ డోర్ దగ్గరే మాకు పడేది కాదు. సన్నదైతే చేపకి కనపడదని నా జిద్. "ఎర పట్టుకుంటది సరే, ఆనక?" అనేవాడు అబ్బా. నాకు పన్నెండేళ్లప్పుడు, ఆయన జొహర్ నమాజ్‌కి లేచిన సందులో లావు డోర్ విప్పేసి సన్నది ముడేశాను. కాసేపటికి బెండు బుడుంగున మునిగింది. పెద్ద బొచ్చె! దాని వీపు ఒక్కసారి తళుక్కుమంది. "ఢీల్ దే బేటా, ఢీల్ దే!" అని అబ్బా గట్టు మీద నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. భయంతో నేను ఖీంచాను. ముడి దగ్గర పుటుక్కుమంది.

అబ్బా తిట్టలేదు. "కాంటా దాని నోట్లనే ఉండిపాయె" అన్నాడంతే. చేపని పట్టి తినడం హలాలే. నోట్లో ఇనుముతో వదిలేయడం మాత్రం గునా అనిపించి ఆ రాత్రి అన్నం సహించలేదు.

చాలా ఏళ్లకి అఖ్బార్ పని మీద పహల్గామ్ వెళ్లాను. అక్కడి లిద్దర్ నదిలో ట్రౌట్ చేపలుంటాయి. 1900 ప్రాంతంలో అంగ్రేజులు తెచ్చి కశ్మీర్ నీళ్లలో వదిలిన జాతి. గాలం వేయించే పెద్దాయన ఒకరు నాకు టిప్పెట్ చూపించారు. అంటే దారం చివర, ఈకల పురుగుని కట్టే సన్నటి ముక్క. దాని లెక్క ఉల్టా. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతుల మందమో తెలుస్తుంది. 4 ఎక్స్ అంటే 7 వంతులు, సుమారు 0.18 మిల్లీమీటర్లు. 6 ఎక్స్ అయితే 5 వంతులే.

"పెద్ద చేపకి ఏది చచ్ఛా?" అని అడిగాను.

నీళ్లు నిలకడగా, అద్దంలా ఉండి, పురుగు చిన్నదైతే సన్నది తప్పదట. ప్రవాహం జోరుగా ఉన్నా, రాళ్లున్నా లావుది కట్టాలట. చేప బరువుని చాలావరకు నీళ్లే మోస్తాయి, దారాన్ని తెంపేది ఝట్కా. సన్న దారంతో చేపని గంటలకొద్దీ ఆడిస్తే అది అలిసిపోయి, వదిలేసినా బతకదన్నారు. ఆయన ముడిని నోట్లో పెట్టి తడిపి బిగించారు. పొడి ముడి ఒరుసుకుని వేడెక్కితే దారం బలం పోతుంది. అబ్బా అదే చేసేవాడు. పాన్ వల్ల మా ముడులన్నీ ఎర్రగా ఉండేవి.

అబ్బా ఇంతెఖాలై ఏడాదైంది. మొన్న ఆయన డబ్బా తెరిచాను. చర్ఖీ మీద పాత డోర్, చివర ఇంకా కొంచెం ఎర్రగానే ముడి. లాగి చూస్తే తెగిపోయింది. ఎండకి, ఏళ్లకి నైలాన్ అలాగే అవుతుంది.

మావాడిని తీసుకుని కొత్త డోర్ కొనడానికి వెళ్లాను. వాడికి సన్నదే కావాలట. లావుది కొన్నాను. ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు.