వంకర గీతలలోని నిజం

స్వీయచరిత్ర రచనకు మొదటి ఆటంకం మనపై మనకు గల మమకారమే. కష్టాలను కిరీటంవలె ధరించడం, లోపాలను సైతం ముద్దుగా చెప్పుకోవడం ఈ ప్రక్రియలో తరచుగా కానవచ్చేదే. ఆ మమకారాన్ని నిర్దాక్షిణ్యంగా త్రోసిపుచ్చిన వారిలో అమెరికా చిత్రకారిణి అలీన్ కొమిన్‌స్కీ క్రమ్ ఒకరు. ఆమె తన కథను వ్రాయలేదు, బొమ్మలుగా గీసింది.

1954లో ప్రచురణకర్తలు తమకు తాము విధించుకున్న నియమావళి వలన అమెరికాలో బొమ్మల కథలు చాలావరకు బాలవినోదానికే పరిమితమైనవి. 1960ల చివరిభాగంలో కొందరు యువకులు ఆ నియమాలను ధిక్కరించి వెలువరించిన పుస్తకాలే అండర్‌గ్రౌండ్ కామిక్స్. అయితే ఆ స్వేచ్ఛ ప్రధానంగా పురుషుల స్వేచ్ఛ. వారి బొమ్మలలో స్త్రీ తరచుగా భోగవస్తువు, లేదా పరిహాసపాత్ర. అందుచేత 1972లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు స్త్రీలు కలసి 'విమెన్స్ కామిక్స్' అనే పత్రికను ప్రారంభించారు.

తొలి సంచికలోనే అలీన్ గీసిన 'గోల్డీ' కథ వెలువడింది. 1948లో న్యూయార్క్ ప్రాంతపు యూదు కుటుంబంలో జన్మించిన ఆమె అరిజోనా విశ్వవిద్యాలయంలో చిత్రకళ అభ్యసించింది. జస్టిన్ గ్రీన్ అనే చిత్రకారుడు తన మానసిక క్షోభను బొమ్మల కథగా మలచిన తీరు చూసి, తన బ్రతుకును కూడ అట్లే గీయవచ్చునని ఆమెకు తోచింది. యౌవనారంభంలో తన దేహాన్ని చూసి తానే రోసిపోయిన ఒక బాలిక కథ అది. అందులో వీరవనిత లేదు, అందగత్తె లేదు.

తోటి రచయిత్రులలో కొందరికి ఇది రుచించలేదు. స్త్రీని ధీరగా, సుందరిగా చూపాలని వారి అభిమతం. ఆ విభేదం ముదరగా అలీన్, డయాన్ నూమిన్ కలసి 1976లో 'ట్విస్టెడ్ సిస్టర్స్' వెలువరించారు. దాని ముఖచిత్రంపై అలీన్ తనను మరుగుదొడ్డిలో కూర్చున్నట్లు చిత్రించుకున్నది! దేవతగా నిలబెట్టినా, దాసిగా కూర్చోబెట్టినా స్త్రీ మనిషి కాకుండా పోతుందని ఆ బొమ్మ చెప్పకనే చెప్పింది.

భర్త రాబర్ట్ క్రమ్ సుప్రసిద్ధ చిత్రకారుడు. ఇద్దరూ కలసి గీసిన కథలలో ఎవరి బొమ్మను వారే గీసుకునేవారు. ఆయన నిపుణమైన రేఖల ప్రక్కన ఆమె వంకర గీతలను చూసి ఆయన అభిమానులు ఆక్షేపించారు. ఆమె గీతను మార్చుకోలేదు. 1986 నుండి 1993 వరకు 'వియర్డో' పత్రికకు సంపాదకత్వం వహించింది. 1990లో 'లవ్ దట్ బంచ్', 2007లో 'నీడ్ మోర్ లవ్' గ్రంథాలు వెలువడినవి. 2022 నవంబరు 29న ఫ్రాన్సులో కన్నుమూసింది.

ఆమె చిత్రించినవన్నీ నా అభిరుచికి నచ్చుతాయని చెప్పను. కొన్ని పుటలను తరగతిలో చూపలేను. కాని 'నా గురించి' అన్న వ్యాసం వ్రాయమంటే అబ్బాయిలు తమ ఆశయాలు వ్రాస్తారు; అమ్మాయిలు తమ తల్లిదండ్రుల ఆశయాలు వ్రాస్తారు. ఆ చక్కని దస్తూరి వెనుక వ్రాసిన పిల్ల ఎక్కడున్నదో వెదకవలసి వస్తుంది. అలీన్ వలె వ్రాయమని విద్యార్థినులకు నేను చెప్పబోను. అన్నీ బయటపెట్టమనీ కోరను. దాచుకోవడం కూడ మనిషి హక్కే. కాని కాగితంపై 'నేను' అని వ్రాసినప్పుడు, ఆ మాట తమదై ఉండాలి. అక్షరాలు వంకర పోయినా సరే.