పొగలో ఒక మాట

ఇటలీ మహాకవి డాంటే (1265-1321) రచించిన 'డివైన్ కామెడీ'ని ఆంగ్లానువాదంలో చదువుతున్నాను. పదవీ విరమణానంతరం అలవరచుకొన్న వ్యసనమిది. 'నరకం' చప్పున దాటాను గాని, రెండవ భాగమైన 'ప్రక్షాళన పర్వతం' దగ్గర చతికిలబడ్డాను. కారణం చెబుతాను, నవ్వకండి.

ఆ కొండకు ఏడంతస్తులు. మొదటి అంతస్తులో గర్విష్ఠులు బండరాళ్ళు మోస్తూ, నడుములు విఱిగేలా వంగి నడుస్తుంటారు. వారిలో ఒడెరిసి అనే గ్రంథచిత్రకారుడొకడు. డాంటే పొగడబోగా, తన కంటె ఫ్రాంకో పనితనమే మిన్న అంటాడు. బ్రతికి ఉండగా ఆ మాట తన నోట వచ్చేది కాదని కూడ ఒప్పుకొంటాడు! డాంటే తానూ వంగి, కాడికి కట్టిన జోడెద్దు వలె, అతని ప్రక్కనే నడుస్తాడు. ఆ బరువు తనకూ తప్పదని తరువాత 13వ సర్గలో చెప్పుకొంటాడు.

మూడవ అంతస్తు క్రోధులది. అక్కడ శిక్ష మంట కాదు, పొగ. కన్ను తెఱవనీయని కటిక పొగ. గురువైన వర్జిల్ భుజం పట్టుకొని గ్రుడ్డివాని వలె నడుస్తాడు కవి. లోకం చెడడానికి కారణం గ్రహాలా, మనుష్యులా అని ఆ పొగలోనే అడుగుతాడు. మార్కో లొంబార్డో అనే ఆత్మ నిట్టూర్చి బదులిస్తుంది: తొలి కదలిక నక్షత్రాలది కావచ్చు, కాని మంచిచెడ్డలు చూపే వెలుగూ, స్వేచ్ఛా మీకున్నాయి, స్వేచ్ఛయే లేకుంటే మంచికి ఆనందం, చెడుకు దుఃఖం అనడం న్యాయమెలా అవుతుంది? నూరు సర్గల కావ్యంలో ఇది సరిగ్గా 50వ సర్గ.

మన కర్మసిద్ధాంతంతో పోల్చబోయి మానుకొన్నాను. ఆ చర్చలోకి దిగితే నేను తప్పించుకొంటాను.

ముప్పై యేళ్ళ క్రిందట పదవ తరగతి కుఱ్ఱవాడొకడు సొంతంగా తేటగీతి వ్రాసి తెచ్చాడు. పైపైన చూసి, యతి తప్పిందని తరగతి అందఱి ముందూ ఎగతాళి చేశాను. "ప్రాసయతి వేశానండీ" అన్నాడు మెల్లగా. తేటగీతిలో అది చెల్లుతుందని ఏటేటా చెప్పేవాణ్ణి నేనే. అయినా కాగితం చింపివేశాను.

ఆ రాత్రి ఇంట్లో, "నా జాతకంలో కుజుడు అటువంటివాడు" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. తరువాత కూడ ఎన్నో సార్లు ఆ కుజుణ్ణే సాక్షిగా పిలిచాను.

మఱునాడు తరగతికి వెళ్ళి "తప్పు నాది" అనవచ్చు. కాళ్ళున్నాయి, నోరుంది. నన్నెవరూ ఆపలేదు. సంధి పాఠం మొదలుపెట్టాను.

ఆ అబ్బాయి మళ్ళీ పద్యం చూపలేదు. చింపిన ముక్కలలో ఒకటి మాత్రం నాకు గుర్తున్నది. మూడవ పాదం. నిన్న గురులఘువులు గుర్తించి చూసుకొన్నాను. ప్రాసయతి చక్కగా కుదిరింది.