కృష్ణమ్మ వెంట పెద్దపులి జాడ

కృష్ణానదికి పెద్దపులి పుట్టింటి చుట్టం. మహాబలేశ్వరం కొండల్లో కృష్ణతో పాటే పుట్టి, కరాడ్ దగ్గర ఆమెలో కలిసే కోయన ఒడ్డున సహ్యాద్రి టైగర్ రిజర్వు ఉంది. కర్ణాటకలో భద్ర నది పేరే పెట్టుకున్న ఇంకో పులుల అడవి ఉంది. ఆ భద్ర తుంగతో కలిసి తుంగభద్రయి, ఆలంపురం దిగువన కృష్ణలో చేరుతుంది. నడుమ ఎంత మైదానం నడిచొచ్చినా, నల్లమల చేరేసరికి కృష్ణమ్మ మళ్లీ పులి ఉన్నచోటికే వస్తుంది. కుడిగట్టున నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు, ఎడమగట్టున అమ్రాబాద్ టైగర్ రిజర్వు. మధ్యలో నది.

మన పిల్లలకు పులి పరిచయమయ్యే తీరు వేరు. బంగారు కడియం చూపించి బాటసారిని పిలిచే ముసలిపులి కథ ఒకటి, పండగ రోజుల్లో డప్పుకు అడుగేసే పులివేషం ఒకటి, జూలో కందకం అవతల కునికే పులి ఒకటి. మూడింటిలోనూ పులి ఒక్కతే ఉంటుంది. దాని చుట్టూ ఉండాల్సిన నీళ్లు, గడ్డి, దుప్పులు, కొండముచ్చులు, మనుషులు కనపడరు. అందుకే మా అక్క పిల్లలిద్దరికీ పులిని నది చేత చెప్పిద్దామనుకున్నాను. అమ్మాయికి తొమ్మిదేళ్లు, పిల్లాడికి ఆరు. బయల్దేరే ముందే షరతు పెట్టాను: పులి కనపడకపోతే అలగకూడదు.

వానలు వెనకబట్టి శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో, కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ నడుస్తుంది. రేవు దాటాక కుడిగట్టు వైపు నీటి కింద సంగమేశ్వరాలయం ఉంటుంది. భవనాశి కృష్ణలో కలిసే చోటు అది. నీరు తీసిన వేసవి నెలల్లోనే గుడి బయటపడుతుంది, వేపమొద్దు లింగానికి అప్పుడే పూజలు జరుగుతాయి. ఆ గుడి ఉన్న కొత్తపల్లి మండలంలోనే పెద్దగుమ్మడాపురం అనే ఊరుంది. పులి పిల్లల కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

2023 మార్చిలో ఆ ఊరివాళ్లకు ఊరి శివార్లలో నాలుగు పులికూనలు దొరికాయి. నాలుగూ ఆడవే. కుక్కలు పీక్కుతినకుండా గదిలో పెట్టి కాపాడి, అటవీశాఖకు కబురు చేశారు. సిబ్బంది తల్లి అడుగుజాడలు వెతికి, కూనల్ని ఆ దాపుల్లోకి తీసుకెళ్లి పెట్టి, రాత్రిళ్లు ఎదురుచూశారు. తల్లి రాలేదు. చివరికి కూనల్ని తిరుపతి జూకు తరలించాల్సి వచ్చింది.

"అమ్మ వాటిని ఎందుకు వదిలేసింది మావయ్యా?" అని అమ్మాయి అడిగింది.

వదిలేసిందని అనలేం. పులి మూడున్నర నెలలు మోసి, మామూలుగా రెండు నుంచి నాలుగు పిల్లల్ని ఈనుతుంది. పుట్టిన కూన కిలో అటూ ఇటూ తూగుతుంది, కళ్లు తెరవడానికి వారం పది రోజులు పడుతుంది. తండ్రి పెంపకంలో చెయ్యి వేయడం అరుదు. వేట, కాపలా, పాలు అన్నీ తల్లివే. వేటకు వెళ్లాలంటే కూనల్ని పొదలోనో రాతి సందులోనో దాచి వెళ్లాలి. చోటు మంచిది కాదనిపిస్తే ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర నోట కరిచి ఇంకోచోటికి మారుస్తుంది. రెండో నెల నుంచి మాంసం రుచి చూపిస్తుంది. వేట నేర్పి సాగనంపడానికి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లలో తల్లి వేటలో ఉన్న ఏ పూటైనా మనుషులు ఎదురుపడితే ఈ లెక్కంతా తారుమారవుతుంది. అడవిలో కూనలు కనపడితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి కబురు చెప్పమనేది అందుకే. చిన్నవాడు ఇదంతా విని, "మరి ఆ ఊరివాళ్లు మంచివాళ్లే కదా?" అని తేల్చుకున్నాడు. అవును, మంచివాళ్లే.

నది సన్నబడి కొండల మధ్యకి వచ్చింది. రెండు గట్లూ దగ్గరైనట్టు కనిపించే చోట చిన్నవాడి రెండో ప్రశ్న వచ్చింది: పిల్లికి నీళ్లంటే పడదు కదా, మరి పులికి?

పులికి నీళ్లంటే ప్రాణం. మండు వేసవిలో మడుగులో మెడలోతు దిగి గంటలు గంటలు కూర్చుంటుంది. చాలాసార్లు వెనక్కి నడుస్తూ తోక వైపు నుంచి దిగుతుంది, నీళ్లు కళ్లలో పడకుండా. సుందరవనాల్లో పులులు ఏటిపాయల్ని ఈదుకుంటూ దీవి నుంచి దీవికి వెళతాయి. అలాంటి జంతువుకు ఈ నది దాటరాని గోడేమీ కాదు. 1983లో ఈ రెండు గట్లూ కలిపి ఒకే టైగర్ రిజర్వు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఎడమగట్టు అమ్రాబాద్ అయింది. పిల్లలు ఆ గట్టునూ ఈ గట్టునూ మార్చి మార్చి చూసి, తేడా ఏమీ లేదన్నారు.

అసలు కష్టం వేసవిలో వస్తుంది. నల్లమల ఆకురాల్చే అడవి. మార్చి దాటితే టేకు, నల్లమద్ది బోడిగా నిలబడతాయి, వాగులు ఎండుతాయి. నదికి దూరంగా ఉన్న జింకలు నీళ్ల కోసం ఊరి చెరువుల వైపు మళ్లితే, వాటి వెనకే పులి వస్తుంది. అందుకే అటవీ సిబ్బంది అడవి లోపల పళ్లెంలా లోతు తక్కువగా సాసర్ పిట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. సోలార్ మోటార్లు బిగించిన బోర్లు కూడా ఉన్నాయి. పులిని ఊరికి దూరంగా ఉంచే మొదటి కంచె ఆ నీళ్లే.

పన్నెండో శతాబ్దపు శివభక్తురాలు అక్కమహాదేవి తపస్సు చేసిందని చెప్పే గుహలు దాటి, పాతాళగంగ మెట్ల దగ్గర లాంచీ ఆగింది. శ్రీశైలంలో జనం గురించి చెప్పనక్కర్లేదు. మల్లన్నను చెంచులు తమ ఇంటి అల్లుడంటారు, చెంచుపిల్లను పెళ్లాడాడని. ఆ వరసలో చూస్తే ఈ కొండంతా అత్తారిల్లే. అడవి శాఖ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చెంచులు ఎక్కువ. వాళ్లలో ఒక పెద్దాయన దోర్నాల దారిలో తుమ్మలబైలు దగ్గర మాకు తోడొచ్చాడు. సఫారీ జీపులు తిరిగే బాట పక్కన, తడి ఆరని మట్టిలో ఒక అడుగుజాడ చూపించాడు.

"ఇదేందో చెప్పు సిన్నోడా?"

"కుక్క!"

"కుక్కయితే గోళ్లు గుచ్చుకోవా? దీనికి గోళ్ల గుర్తు యాడుంది? గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాది పెద్దపులి."

అడుగు నలుచదరంగా ఉంటే మగపులి, కాస్త కోలగా ఉంటే ఆడపులి అని చెప్పాడు. ఇంకొంచెం పోయాక ఒక చెట్టు బెరడు మీద నిలువుగా గీరిన చారలు చూపించాడు. ఆడపులికి జింకలు దండిగా ఉన్న అడవిలో ఇరవై చదరపు కిలోమీటర్ల హద్దు సరిపోవచ్చు. జింకలు పలచగా ఉన్నచోట అంతకు ఎన్నో రెట్లు కావాలి. మగపులి హద్దులో ఇద్దరు ముగ్గురు ఆడపులుల ఇలాకాలు ఇమిడిపోతాయి. ఆ హద్దుల్ని గోళ్లతో గీరి, చెట్ల మీద మూత్రం చిమ్మి గుర్తు పెట్టుకుంటాయి. దారినపోయే ఇంకో పులికి ఆ వాసన గోడ మీద అంటించిన నోటీసు. ఇక్కడ ఎవరున్నారు, ఎప్పుడు వచ్చి వెళ్లారు, తోడు వెతుక్కుంటున్నారా అనేది ముక్కుతోనే చదివేసి, తగాదా లేకుండా తప్పుకుంటుంది.

ఇంతలో పైన కొండముచ్చు ఒకటి గొంతు గరగరలాడిస్తూ అరిచింది. దూరంగా చుక్కల దుప్పి కీచుమని బదులిచ్చింది. పిల్లలు బిగుసుకుపోయారు. పెద్దాయన చెవి అటు వేసి, తల అడ్డంగా ఊపాడు. "ఒకటి రెండు మాట్లరిచి ఊరుకున్నాయి. సిరత కావచ్చు, కుక్క కావచ్చు. పెద్దపులయితే అడవంతా వరసబెట్టి అరుస్తాది. కణితి అరిచిందంటే ఇంక నమ్మాల్సిందే."

పులికి ఇంతమంది కాపలా! చారలతో ఎండుగడ్డిలో కలిసిపోయి, మెత్తటి పాదాలతో చప్పుడు కాకుండా దగ్గరికొచ్చినా, ఒక్క కొండముచ్చు చూస్తే వేట పాడయిపోతుంది. పది ప్రయత్నాల్లో ఒకటి ఫలిస్తే గొప్ప. దొరికిన రోజు ముప్పై కిలోల దాకా తింటుంది. మిగిలినదాన్ని ఆకులతో కప్పి, పక్కనే ఏ నీటి దాపునో పడుకుని నాలుగు రోజులు తింటుంది. ఇక్కడ మా అమ్మాయి చేత ఒక లెక్క చేయించాను. వారానికో పెద్ద జంతువు చొప్పున పులికి ఏడాదికి యాభై కావాలి. మందలో పదో వంతు మాత్రమే పోతే మంద తరగదు. అంటే ఒక్క పులికి ఎన్ని జింకలుండాలి? ఐదొందలు. పులుల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన ఉల్లాస్ కారంత్ చెప్పే లెక్క ఇది. ఆ ఐదొందల జింకలకు గడ్డి ఎంత, నీళ్లు ఎన్ని అని అడిగితే అమ్మాయి చేతులెత్తేసింది. అడవి ఎందుకంత పెద్దదిగా ఉండాలో మాత్రం మళ్లీ అడగలేదు.

"తాతా, నీకు భయం వేయదా?" అన్నాడు చిన్నవాడు.

"బయం లేకుంటే అడవిలో ఎట్ల బతకతాం? పులి మనల్ని ముందే సూసి పక్కకి పోతాది. నాకు ఎలుగ్గొడ్డంటేనే ఎక్కువ బయం. అది సూసుకోకుండా మీదికొస్తాది."

పులి నోట పశువు పోతే నష్టపరిహారం ఇస్తారు. ఆ డబ్బు వేళకు అందితే రైతు కళేబరానికి విషం పూయడు. విషం పూస్తే తల్లీ కూనలూ కలిసి పోతాయి. చెంచు పెద్దాయన ఈ మాట గొంతు తగ్గించి చెప్పాడు, పిల్లలు మాత్రం వినేశారు.

ఆనకట్ట దిగువన లింగాలగట్టు దగ్గర నది మళ్లీ నదిలా పారుతుంది. ఆ పైన ఘాట్ రోడ్డు. హైదరాబాద్ వైపు మన్ననూరు దగ్గర, ఇటు దోర్నాల దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేసేస్తారు, మళ్లీ తీసేది పొద్దున 6కి. తొమ్మిది దాటాక వచ్చిన బండ్లు అక్కడే పడుకోవాలి. పొద్దు వాలాక పులి నడిచే వేళ, మన బండ్లకు సెలవు. కిటికీలోంచి కోతులకు అరటిపండ్లు విసరొద్దని బోర్డులుంటాయి. తిండి కోసం జంతువులు రోడ్డు మీదికి అలవాటు పడితే చక్రాల కింద పడేది అవే.

శ్రీశైలం నుంచి సాగర్ వైపు నది లోతైన లోయలో పోతుంది. రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు, పైన అడవి. ఇక్కడ పులుల్ని ఎలా లెక్కపెడతారని పిల్లలకు అనుమానం. బాటకు అటొకటి ఇటొకటి కెమెరాలు కడతారు, ఎందుకంటే పులికి కుడివైపు చారలు ఒకలా, ఎడమవైపు ఇంకోలా ఉంటాయి. ఏ రెండు పులుల చారలూ కలవవు. బొచ్చు గొరిగినా చర్మం మీద అవే చారలుంటాయి. ఈ పద్ధతిలో దేశమంతా నాలుగేళ్లకోసారి లెక్క తీస్తారు. 2006లో 1,411గా తేలిన పులులు 2022 నాటికి 3,682 అయ్యాయి. ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్ వంతు 63, తెలంగాణ వంతు 21. ప్రపంచంలో అడవి పులుల్లో దాదాపు ముప్పాతిక మన దేశంలోనే ఉన్నాయి. 1973లో మొదలైన ప్రాజెక్ట్ టైగర్‌కు యాభై ఏళ్లు దాటాయి.

నాగార్జునసాగర్ దగ్గర కొండలు పక్కకి తప్పుకుంటాయి. ఇక్ష్వాకుల విజయపురి నీటి కిందికి పోయింది. నీటి పైన మిగిలిన నాగార్జునకొండ మీద మ్యూజియం ఉంది. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక దూకి కృష్ణను వెతుక్కుంటూ పోతుంది. ఆనకట్ట నుంచి కుడి ఎడమ కాలువలు నీళ్లను వరిపొలాలకు తీసుకుపోతాయి. ఇక్కడితో పులి కథ అయిపోయి మన కథ మొదలవుతుంది.

గెస్ట్‌హౌస్ వరండాలో అమ్మాయి నోటుపుస్తకం తీసి, "పులికి కావలసినవి" అని రాసుకుంది. నీళ్లు, ఐదొందల జింకలు, దాక్కోవడానికి గడ్డి, చాలా చోటు. అక్కడితో సరిపోతుందనుకున్నాను. కింద ఇంకో వరస మొదలుపెట్టింది: కూనల్ని కాపాడిన ఊరివాళ్లు, అడుగులు చదివే చెంచు తాత, ట్యాంకర్ డ్రైవరు, ఆవు పోయినా విషం పెట్టని రైతు, రాత్రి తొమ్మిదికి గేటు వేసే మనిషి, గేటు దగ్గర ఆగే లారీవాళ్లు. రెండో వరస మొదటిదానికంటే పొడుగైంది. పిల్లలకు పులిని పరిచయం చేయాలనుకునే అమ్మానాన్నలు ఈ రెండో వరసతో మొదలుపెట్టినా తప్పులేదు. పులి అడవిలో ఉంటుంది. అది ఉండాలా వద్దా అన్నది ఈ మనుషుల చేతుల్లో ఉంది. రేపు ఆ వరసలో నిలబడాల్సిన వాళ్లు మన ఇళ్లలో పెరుగుతున్నారు.